గురి వేరు, చూపు వేరు

శ్రావకుడు వేటాడడు. సప్తవ్యసనాలలో వేటను ఒకటిగా లెక్కించి పెద్దలు ఆ వాకిలి ఏనాడో మూసివేసినారు. గనుక పక్షిని కొట్టవచ్చునా అనే ప్రశ్న జైన కుటుంబాలలో తలయెత్తదు. తలయెత్తే ప్రశ్న మరొకటి ఉన్నది. చంపే పనిని నేర్పుగా, తక్కువ బాధతో జరిగేటట్లు చేసే పరికరం ఒకటి వచ్చినప్పుడు, అది హింసను తగ్గించినదని చెప్పవచ్చునా? ఆ మాట నిజమైతే, దానిని అమ్మేవాని చేతికి అంటే మచ్చ కూడ కొంత చెరిగిపోతుందా? బేరసారాలతో బ్రతికే ఇళ్లలో ఈ ప్రశ్న పుస్తకాల అలమారలో ఉండిపోదు. అంగడి బల్లమీదికే వచ్చి కూర్చుంటుంది.

పక్షుల వేటలో వాడే తుపాకిపై బిగించే గురి అద్దాన్ని ఉదాహరణగా తీసుకొని దీనిని విచారించవచ్చును.

షాట్‌గన్ అనే తుపాకి ఒక్క గుండును వదిలేది కాదు. దాని తూటాలో వందలకొలది చిన్న గుళ్లు ఉంటాయి. పేల్చగానే అవి గుంపుగా బయలుదేరి, పోనుపోను వెడల్పుగా విచ్చుకొంటాయి. ఎగిరే పిట్టను ఒక్క గుండుతో కొట్టడం కష్టం గనుక ఈ ఏర్పాటు. పూర్వం దీనికి గురి సాధనమంటే గొట్టం చివరనున్న చిన్న లోహపు పూస మాత్రమే. తరువాత వచ్చినది రిఫ్లెక్స్ సైట్. ఒక చిన్న దీపం, దాని వెలుగును వేటగాని కంటివైపు మళ్లించే ఒక అద్దం, ఇవి దానిలో ముఖ్యమైనవి. ఆ అద్దం గుండా చూస్తే ఎదుటి ఆకాశం కనిపిస్తుంది. ఆ ఆకాశంలో తేలుతున్నట్లు ఒక ఎర్రని చుక్క కూడ కనిపిస్తుంది. కిరణాలు సమాంతరంగా కంటికి చేరుతాయి గనుక ఆ చుక్క ఎంతో దూరాన ఉన్నట్లే తోస్తుంది. తల కొంచెం అటూ ఇటూ జరిగినా చుక్క గొట్టం చూపే దిక్కును విడువదు. ఒక కన్ను మూయనక్కరలేదు. రెండు కళ్లూ తెరిచి చుక్కను పిట్టతోబాటు నడపవచ్చును.

ఈ ఉపాయాన్ని 1900లో కనిపెట్టినవాడు డబ్లిన్ నగరంలో దూరదర్శినులు చేసే హోవార్డ్ గ్రబ్. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి, 1918లో, జర్మనుల యుద్ధ విమానాలపై ఇది కనిపించినది. రెండవ యుద్ధంలో యుద్ధ విమానాలపై సామాన్యమైనది. 1945 ప్రాంతంలో అమెరికాలో నైడార్ అనే పేరుతో షాట్‌గన్‌కు బిగించే అద్దం అంగడికి వచ్చినది. 1975లో స్వీడన్ దేశపు ఎయిమ్‌పాయింట్ సంస్థ బ్యాటరీతో వెలిగే ఎర్రచుక్కను తెచ్చినది. ఇప్పుడు అది అరచేతిలో ఇమిడిపోయేటంత చిన్న వస్తువు.

ఇక్కడ ఒక సంగతి జ్ఞాపకం ఉంచుకోదగినది. గ్రబ్ పనిశాలలో తయారైన 15 అంగుళాల దూరదర్శినియే హైదరాబాదులోని నిజామియా వేధశాలలో నక్షత్రాలను చూచినది. ఒకే పనిశాల, ఒకే గాజు విద్య. ఒకటి ఆకాశంలోని వెలుగును మనిషి కంటికి దింపినది. రెండవది ఆకాశంలోని ప్రాణిని నేలకు దింపినది. గాజులో పాపం లేదు. పాపం ఎక్కడ చేరినదో వెతకడమే ఈ విచారణ.

బెంగుళూరికి ఈ వేట కొత్త కాదు. 1809లో కంటోన్మెంటు ఏర్పడిన తరువాత, చలికాలంలో ఉత్తర దేశాలనుండి దిగే ఉల్లంకి పిట్టలకోసం దొరలు చెరువుల అంచుల వెంబడి బురదలో తిరిగేవారు. ఉల్లంకి వంకరటింకరగా ఎగురుతుంది, దానిని కొట్టడం కష్టం. ఇంగ్లీషులో ఆ పిట్ట పేరు స్నైప్. దానిని కొట్టగల నేర్పరికి వచ్చిన పేరే స్నైపర్. భారతదేశంలోని ఆంగ్ల సైనికుల నోట పుట్టిన ఆ మాట తరువాత దాగి మనుష్యులను కాల్చేవానికి పేరైనది. పిట్టమీద అలవరచుకొన్న నేర్పు పిట్ట దగ్గర ఆగలేదని ఆ మాటయే సాక్ష్యం చెబుతున్నది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ, ఈ దేశంలో వినోదపు వేటకు చోటు లేకుండ చేసినవి. అయితే చట్టం మూసిన తలుపుకు సందులు ఉన్నవి. గాలి తుపాకులతో పిట్టలను కొట్టే అలవాటు చాల చోట్ల మిగిలినది. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ప్రభుత్వం గాలి తుపాకులను స్వచ్ఛందంగా అప్పగించవలసినదిగా ప్రజలను కోరగా, ఎందరో తెచ్చి అప్పగించినారు. పరదేశాలలో చట్టబద్ధంగానే బాతులను, కౌజులను, పావురాలను వేటాడుతున్నారు. అద్దాలకు ఆ అంగడి పెద్దది. వస్తువు ఒక దేశంలో తయారై, మరొక దేశంలో చేతులు మారి, మూడవ దేశంలో పక్షిమీదికి తిరుగుతుంది. నడుమనున్న చేయి వర్తకునిది.

ఇక వేటగాని వాదాన్ని బలహీనపరచకుండ చెప్పడం న్యాయం. అతడు ఇట్లా అంటాడు: “పూస మాత్రమే ఉన్న తుపాకితో కాల్చినప్పుడు ఎన్నో పిట్టలు గాయపడి, రెక్క విరిగి, తుంగలో దూరి, రెండు మూడు దినాలు కుమిలి చచ్చేవి. ఈ అద్దం వలన గుళ్ల గుంపు సరిగా తగులుతుంది. పిట్ట ఆకాశంలోనే ప్రాణం విడుస్తుంది. మీ శాస్త్రమే ప్రమాదంతో కూడిన యోగం వలన ప్రాణం తీయడాన్ని హింస అన్నది. నేను ప్రమత్తుడను కాను. ఎంతో జాగ్రత్తగా ఉన్నాను. జాగ్రత్తకు పరికరం కూడ కొన్నాను.”

ఈ వాదంలో కొంత నిజం ఉన్నది. ఆ నిజాన్ని తోసివేయడం ధర్మం కాదు. మూడు దినాల బాధకూ ఒక క్షణపు బాధకూ భేదం లేదనేవాడు పక్షి పక్షాన నిలిచి మాట్లాడడంలేదు. తత్త్వార్థ సూత్రం ఆరవ అధ్యాయంలో ఉమాస్వాతి కూడ భావం తీవ్రమా మందమా, తెలిసి చేసినదా తెలియక చేసినదా, వాడిన సాధనమేది, ప్రయోగించిన శక్తి ఎంత అనే భేదాలను బట్టి కర్మ రాకడలో హెచ్చుతగ్గులు ఉంటాయని చెప్పినాడు. హింస అంతా ఒకే తూకం కాదు. గనుక తక్కువ బాధ అనే మాటను ముందు వాస్తవాల తక్కెడలో వేసి చూడాలి.

వాస్తవాలేమి చెబుతున్నవి? మొదటిది, అద్దం గొట్టం దిక్కును చూపగలదు. ఎగిరే పిట్టకు ఎంత ముందుగా కాల్చాలో చెప్పలేదు. ఆ అంచనా వేటగానిదే. రెండవది, గుళ్లు విచ్చుకొంటాయి. నడిమి గుళ్లు ఒక పిట్టను చంపితే, అంచు గుళ్లు పక్కనున్న మరొక పిట్ట ఒంటిలో దిగవచ్చును. గురి ఎంత చక్కనిదైనా ఈ అంచు పోదు. మూడవది, గురి తప్పిన సీసపు గుళ్లు చెరువు అడుగున పడి ఉంటాయి. గింజలను అరగదీసుకోవడానికి ఇసుకరాళ్లు మింగే నీటిపక్షులు వీటినీ మింగి సీసపు విషంతో చస్తాయి. ఈ కారణంగానే అమెరికా 1991 నాటికి నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లను దేశమంతటా నిషేధించినది. ఎవడూ గురి పెట్టని పక్షి, తుపాకి మ్రోత కూడ వినని పక్షి, ఏండ్ల తరువాత ఆ గుండుకే చచ్చినది.

డెన్మార్క్ దేశపు అనుభవం ఇంకా స్పష్టమైనది. ఆర్కిటిక్ ద్వీపాలలో పిల్లలను లేపి చలికాలానికి దిగివచ్చే గులాబికాళ్ల పెద్దబాతులను అక్కడి శాస్త్రజ్ఞులు 1990ల తొలి సంవత్సరాలలో పట్టి ఎక్స్‌రే తీసి చూచినారు. పెరిగిన పక్షులలో సుమారు మూడింట ఒక వంతు ఒంటిలో తుపాకి గుళ్లను మోస్తూ బ్రతుకుతున్నట్లు తేలినది. 1997లో వేటగాండ్ర నడుమ పెద్ద ప్రయత్నం మొదలైనది. అందులో ముఖ్యమైన బోధ చాల చిన్నది: పక్షి బాగా దగ్గరకు రానిదే కాల్చవద్దు. తరువాతి సంవత్సరాలలో గాయపడిన పక్షుల పాలు బాగా తగ్గినది. అక్కడ గాయాలను తగ్గించినది వేలిని మీటమీదనుండి వెనుకకు తీసుకొన్న నిగ్రహం. వేటగాండ్రు కూడ తమకు తెలియకుండానే సంయమమనే మాటకు సాక్ష్యం పలికినారు.

సాధనం మెరుగైనప్పుడు మనిషి తక్కువ చంపుతాడా అనేది కూడ అడగవలసిన ప్రశ్న. 1938 నవంబరు 12న భరత్‌పూరు దగ్గరి ఘనా చెరువులలో వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్క దినంలో 4,273 పక్షులను కూల్చినది. ఆ నాటి మేలైన తుపాకులు, నేర్పుగల చేతులు అక్కడ చేరినవి. నేర్పు పెరిగినకొలది లెక్క పెరిగినది. తృప్తి మాత్రం కలగలేదు. వ్యసనానికి లక్షణమే అది. ఆ లెక్కలు చెక్కిన రాళ్లు ఇప్పటికీ అక్కడ నిలిచి ఉన్నవి. ఆ చెరువులే 1982లో జాతీయ వనమైనవి.

ఇప్పుడు ‘నేను ప్రమత్తుడను కాను’ అనే మాటకు రావాలి. ప్రమాదమంటే చేయి వణకడం, చూపు చెదరడం కాదు. రాగద్వేషాలకు లోబడి, ఎదుటనున్నది తనవంటి ప్రాణమనే ఎరుకను జారవిడవడం ప్రమాదం. అనంతపురం జిల్లా కొనకొండ్ల ఊరితో సంప్రదాయం ముడిపెట్టే కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో ఈ సంగతినే తేల్చినాడు: ఎదుటి ప్రాణి చచ్చినా బ్రతికినా, యత్నం లేని నడవడి కలవానికి హింస నిశ్చయం, సమితులలో మెలగేవానికి పొరపాటున జరిగిన ప్రాణనష్టం మాత్రం చేత బంధం లేదు. అక్కడ చెప్పిన యత్నం ప్రాణిని కాపాడే యత్నం. వేటగాని యత్నం ప్రాణి తప్పించుకోకుండ చూచే యత్నం. దొంగ కూడ అడుగుల చప్పుడు కాకుండ ఎంతో జాగ్రత్తగా నడుస్తాడు. ఆ నడకను ఎవరూ ఈర్యాసమితి అనరు.

పెద్దలు హింసను సంరంభం, సమారంభం, ఆరంభం అని మూడు మెట్లుగా చూచినారు. చేయాలని సంకల్పించడం మొదటిది. దానికి సాధనాలు కూర్చుకోవడం రెండవది. పనికి పూనుకోవడం మూడవది. తుపాకికి అద్దం బిగించేవాడు రెండవ మెట్టుమీద ఉన్నాడు. అద్దం ఎంత మంచిదైతే అతడు ఆ మెట్టుమీద అంత గట్టిగా నిలబడ్డాడన్నమాట. అతని బాధ తగ్గించే కోరిక సంకల్పాన్ని మార్చలేదు. సంకల్పానికి సౌకర్యం చేసినది.

దయతో చంపుతున్నామనే వాదం పదవ శతాబ్దికే తెలిసినది. అమృతచంద్రాచార్యుడు పురుషార్థసిద్ధ్యుపాయంలో ఇటువంటి మాటలను వరుసగా తీసుకొన్నాడు. చిన్న ప్రాణులను పెక్కింటిని చంపడంకంటె పెద్ద ప్రాణిని ఒకదానిని చంపడం మేలనేవారు, క్రూర జంతువును చంపితే పలువురు బ్రతుకుతారనేవారు, బాధపడే ప్రాణిని చంపి విముక్తి కలిగించాలనేవారు, అందరూ ఆయన ముందు నిలిచినారు. ఒక్కరి వాదాన్నీ ఆయన అంగీకరించలేదు. లెక్క తగ్గినదని చూపించేవారు చంపాలనే తలపును లెక్కలో వేయడం మరచిపోతున్నారన్నది దాని సారం.

ఈ సత్యాన్ని కథగా చెప్పిన గ్రంథం తెలుగు గడ్డమీదనే పూర్తియైనది. వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో, నేటి కరీంనగర్ జిల్లా గంగాధరలో, 959లో సోమదేవసూరి యశస్తిలకాన్ని ముగించినాడు. అందులో యశోధర మహారాజు ప్రాణిబలికి ఒప్పుకోడు. తల్లి చంద్రమతి పట్టు విడువదు. చివరకు పిండితో కోడిని చేయించి దేవి ముందు నరుకుతాడు. చచ్చిన ప్రాణి ఒక్కటీ లేదు. నెత్తురు చుక్క లేదు. అయినా నరుకుతున్నాననే భావంతో చేసిన ఆ పనికి తల్లీ కొడుకులు జంతుజన్మల వెంట జంతుజన్మలెత్తుతారు. ఆఖరి జంతుజన్మలో కోళ్ల జంటయై పుడతారు. ముని మాటలు విని, పూర్వజన్మ స్మరణ కలిగి, సంతోషంతో కూత వేస్తారు. ఆ దేశపు రాజు యశోమతి తన శబ్దవేధి నేర్పును రాణికి చూపించాలని ఆ కూత దిక్కుకు బాణం వదులుతాడు. గురి తప్పలేదు. రెండు పక్షులూ ఒక్క బాణానికే ప్రాణాలు విడిచినవి. గాయపడి కుమిలిన పక్షి లేదు. వేటగాడు కోరే శుభ్రమైన చావు అదే.

ఆ యశోమతి యశోధరుని కొడుకు. బాణం తగిలినది తండ్రికీ, నాయనమ్మకూ.

గురికీ చూపుకూ ఉన్న భేదం ఇంతకంటె సూటిగా చెప్పడం కష్టం. యశోమతి గురిలో లోపం లేదు. చూపు మాత్రం లేదు. ఎక్కడ ఉన్నదో అతనికి తెలుసు; ఎవరున్నారో తెలియదు. ఏ గురి సాధనమైనా మొదటి ప్రశ్నకే జవాబు చెబుతుంది. అనాదిగా ప్రతి జీవికీ ప్రతి జీవితో ఏదో ఒక జన్మలో బంధుత్వం కలిగి ఉండవచ్చునని నమ్మేవారికి రెండవ ప్రశ్నయే ముఖ్యం.

ఇక్కడ తెలివిగల కుర్రవాడు ఒక అభ్యంతరం తేవచ్చును. పిండికోడిని నరికితేనే అంత పాపమైతే, మట్టి పళ్లేలను ఎగురవేసి కాల్చే క్రీడ సంగతి ఏమిటి? 1900లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో బ్రతికియున్న పావురాలనే ఎగురవేసి వందలకొలది కాల్చినారు. తరువాత పావురాల స్థానంలో మట్టి పళ్లేలు వచ్చినవి. వాటిని ఇంగ్లీషులో నేటికీ మట్టి పావురాలనే పిలుస్తారు. ఇది కూడ పిండికోడియేనా?

పల్లెలలో పిట్టలదొర వేషం చూచినవారికి జవాబు సులభంగా దొరుకుతుంది. తుపాకి రాముడని కూడ పిలిచే ఆ వేషగాడు కట్టె తుపాకి భుజాన వేసుకొని, పాత కోటు తొడిగి, కోతలు కోసి జనాన్ని నవ్విస్తాడు. అతనిది అబద్ధపు తుపాకి. చంపే తలపు లేదు. యశోధరునిది అబద్ధపు కోడి. చంపే తలపు ఉన్నది. ఒకరు నవ్వు మిగిల్చి పోయినారు, మరొకరు జన్మలు మోసినారు. మట్టి పళ్లేన్ని పళ్లెంగానే చూచి గెలుపుకోసం కాల్చేవాడు ఒక తెగ. దానిని రేపటి పిట్టకు అభ్యాసంగా కాల్చేవాడు మరొక తెగ. తాను ఏ తెగవాడో కాల్చేవాని మనస్సుకే తెలుసు. పావురాన్ని తప్పించి పళ్లెం పెట్టినవారు మాత్రం మేలే చేసినారు.

ఇక అంగడి మాట. బెంగుళూరు చిక్కపేట వైపు కళ్లద్దాలు, దుర్భిణీలు అమ్మే ఒక శ్రావకుని ఊహించుకోవచ్చును. ఒక సరుకుదారు వచ్చి గురి అద్దాల పెట్టె బల్లమీద పెడతాడు. “ఇది ఆయుధం కాదు. ఇందులో గుండు లేదు, మందు లేదు. గాజు, దీపం, బ్యాటరీ. లాభం దుర్భిణీకంటె ఎక్కువ” అంటాడు. కొడుకు తండ్రి ముఖం చూస్తాడు. ఇంటిలో పెళ్లి ఖర్చు ముందున్నది. తండ్రి ఏమి చెప్పాలి?

సమంతభద్రాచార్యుడు రత్నకరండ శ్రావకాచారంలో హింసాదానమనే అనర్థదండాన్ని చెబుతూ గొడ్డలి, కత్తి, గునపం, నిప్పు, సంకెల వంటివాటిని ఇతరులకు ఇవ్వడాన్ని దానిలో చేర్చినాడు. హేమచంద్రుడు శ్రావకునికి తగని పదిహేను వృత్తులను లెక్కిస్తూ విషవాణిజ్యం క్రిందనే ఆయుధాల అమ్మకాన్ని ఉంచినాడు. ఈ జాబితాలలో గురి అద్దం లేదు. ఉండే అవకాశమూ లేదు. కాని గునపం, నిప్పు, సంకెల కూడ స్వతహాగా ఆయుధాలు కావు. వాటిని ఎందుకు చేర్చినారో ఆలోచిస్తే నియమం బోధపడుతుంది. వస్తువు పేరు ముఖ్యం కాదు. అది చేతినుండి చేతికి పోయేటప్పుడు దానితోబాటు ఏ పని పోతున్నదో అది ముఖ్యం.

దుర్భిణీ కూడ వేటగాని మెడలో ఉండవచ్చును గదా అంటే, ఉండవచ్చును. కాని వేటను తీసివేసినా దుర్భిణీకి పని మిగులుతుంది. లాల్‌బాగులో, హెబ్బాళ చెరువు గట్టున పిట్టలను చూచి వాటి పేర్లు వ్రాసుకొనేవారికి అది ప్రాణస్నేహితుడు. తుపాకిని తీసివేస్తే గురి అద్దానికి పని మిగలదు. వర్తకుడు తన సరుకునకు ఈ ఒక్క పరీక్ష పెట్టుకొంటే చాల సందేహాలు తీరుతాయి. పళ్లేలు కాల్చే క్రీడాకారుడు, కాపలా పనివాడు అడిగిన సందర్భాలు కఠినమైనవే. అక్కడ ఎవరికి, ఎందుకు అని విచారించకుండ అమ్మడం తగదు. విచారించడానికి ఓపిక లేనివాడు ఆ సరుకు జోలికి పోకుండుట మేలు.

‘నేను మానితే పక్క అంగడివాడు అమ్ముతాడు’ అనేది పాత సమాధానం. పక్క అంగడివాని చిట్టా ఆవర్జాలు వానివే. చేయడం, చేయించడం, అనుమోదించడం అని మూడు విధాల ఖాతా తెరిచి ఉంచిన ధర్మంలో, ఒకరి పద్దు మరొకరి పుస్తకంలో వ్రాయడానికి వీలులేదు. అట్లే ఒక ఖాతాలోని జమ మరొక ఖాతాలోని ఖర్చును కొట్టివేయదు. ఢిల్లీలో ఎర్రకోట ఎదుట, లాల్ మందిర్ ఆవరణలో నడుస్తున్న పక్షుల ఆసుపత్రికి చందా పంపడం గొప్ప పని. గురి అద్దాలమీద వచ్చిన లాభంలోనుండి ఆ చందా పంపితే, రెక్క విరిచినదీ కట్టు కట్టినదీ ఒకే చేయి అవుతుంది. పక్షికి కట్టువలన మేలే జరుగుతుంది. దాత మాత్రం తన ఖాతాను తేటగా చూచుకోవాలి.

సరుకుదారు పెట్టెను తిప్పి పంపిన తండ్రికి కొంత లాభం పోతుంది. పెళ్లి కొంత తక్కువ ఆర్భాటంతో జరుగుతుంది. ఆ నష్టాన్ని లేదనడం కపటం. వ్రతానికి ధర ఉంటుంది. ధర లేని వ్రతాన్ని ఎవరూ వ్రతమనరు. కాని ఆ సాయంత్రం కొడుకు నేర్చుకొన్న పాఠం ఏ పాఠశాలలోనూ దొరకదు.

ముని నడిచేటప్పుడు ముందు నాలుగు మూరల నేలను చూస్తూ అడుగు వేస్తాడు. అదీ ఏకాగ్రమైన చూపే. అందులోనూ ఒక బిందువుమీద దృష్టి నిలిచే ఉంటుంది. వేటగాడు ప్రాణి ఎక్కడున్నదో తెలిసికొని అక్కడికి గుండు పంపుతాడు; ముని ప్రాణి ఎక్కడున్నదో తెలిసికొని అక్కడినుండి పాదం తప్పిస్తాడు. ఇంతే భేదం.

ముని కానివారికి కూడ ఆ చూపు అందనిది కాదు. బెంగుళూరికి ఉత్తరాన, ఆంధ్ర సరిహద్దు దాటగానే, హిందూపురం ప్రాంతంలో వీరాపురమనే పల్లె ఉన్నది. ఏటేటా ఎర్రకాళ్ల కొంగలు అక్కడికి వచ్చి ఊరి నడుమ చింతచెట్లమీద గూళ్లు కడతాయి. చెట్లకింద రెట్ట పడుతుంది, వాసన వేస్తుంది, చింతపండు రాబడి తగ్గుతుంది. అయినా ఊరివారు వాటిని తరుమరు. అవి వస్తే ఊరికి మంచిదని నమ్ముతారు. వారి చేతిలో ఏ అద్దమూ లేదు. తలయెత్తి చూస్తారు, పిల్లలు లేచినవా అని ఒకరినొకరు అడుగుకొంటారు, తమ పనికి తాము పోతారు.